పదకొండు మంది ఒకవైపు, ఒక్కరు ఒకవైపు

ప్రశ్న: అమెరికా పౌరసత్వం తీసుకున్న మా అబ్బాయికి జ్యూరీ (కేసు విని తీర్పు చెప్పే సామాన్య పౌరుల బృందం) విధులకు రమ్మని కోర్టు నుంచి ఉత్తరం వచ్చింది. పన్నెండు మందిలో ఒక్కరు కాదన్నా తీర్పు ఆగిపోతుందనీ, ఆ ఒక్కరే మిగిలినవారి మనసు మార్చగలరనీ వాడు చెబుతున్నాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుండే మనిషి మాట నిజంగా అంత చెల్లుతుందా? మన దేశంలోనూ ఒకప్పుడు జ్యూరీ ఉండేదంటారు, అప్పుడూ ఇంతేనా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీ అబ్బాయి చెప్పిన మొదటి మాట నిజం, రెండోది మాత్రం అరుదుగా జరిగేది. అమెరికాలో తీవ్రమైన నేరాల విచారణలో జ్యూరీ సభ్యులందరూ ఒక్కమాట మీదికి వస్తేనే నిందితుణ్ణి దోషిగా తేల్చగలరు. లూసియానా, ఓరెగాన్ రాష్ట్రాలు చాలాకాలం పదిమంది ఒప్పుకుంటే చాలునని సరిపెట్టుకున్నాయి గానీ, ఆ పద్ధతి రాజ్యాంగానికి విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 2020లో తీర్పు చెప్పింది.

అయితే తీర్పును ఆపడం వేరు, తిప్పడం వేరు. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ కాల్వెన్, హాన్స్ జైసెల్ 1966లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి ఓటింగులో మెజారిటీ ఎటు ఉంటే, పదింట తొమ్మిది కేసుల్లో చివరి తీర్పూ అటే వచ్చింది. మొదటినుంచీ ఒంటరిగా ఉన్నవారు చాలావరకు నలుగురితో నారాయణ అనేస్తారు.

దీనికి కారణం పిరికితనమొక్కటే కాదు. 1950ల్లో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరు విద్యార్థులను కూర్చోబెట్టి, ఒక కార్డు మీది గీతకు సమానమైన గీత రెండో కార్డు మీది మూడింటిలో ఏదని అడిగాడు. ఒక్కరు తప్ప అందరూ ముందే మాట్లాడుకుని, కొన్నిసార్లు తప్పు గీతనే చూపించారు. తేడా కళ్లకు కనిపిస్తున్నా, ఆ మిగిలిన ఒక్కరు అలాంటి సందర్భాల్లో దాదాపు మూడో వంతు సార్లు గుంపు మాటే చెప్పారు. కానీ నిజం చెప్పే తోడు ఒక్కరు దొరికితే ఆ తప్పులు అంతకుముందున్నవాటిలో నాలుగో వంతుకు పడిపోయాయి. నా దృష్టిలో అసలు కీలకం ఇక్కడే ఉంది: అసమ్మతి తెలిపే మనిషి పదకొండు మందినీ జయించనక్కర్లేదు, లోలోపల సందేహిస్తూ నోరు విప్పని రెండో మనిషికి ధైర్యమిస్తే చాలు.

అలా ధైర్యమివ్వడం తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న ధోరణితో సాధ్యం కాదు. “అతడు నిర్దోషి” అని పదేపదే అనేవారిని ఎవరూ వినరు. “సాక్షి నిలబడిన చోటినుంచి ముఖం పోల్చుకునే వెలుతురు ఉందా? ఆ వాంగ్మూలం మళ్లీ చదివి వినిపించమని జడ్జిగారికి చీటీ పంపుదామా?” అని అడిగితే మాత్రం, తొందరపడుతున్నవారు కూడా జవాబు వెతుక్కోవలసివస్తుంది.

ఇక మన దేశం సంగతి. నౌకాదళ అధికారి కె.ఎం. నానావతిపై 1959లో నడిచిన హత్య కేసులో బొంబాయి జ్యూరీ సభ్యులు తొమ్మిదిమంది. వారిలో ఎనిమిదిమంది నిర్దోషి అన్నారు, ఒక్కరు కాదన్నారు. ఏకాభిప్రాయం అక్కర్లేదు కనుక ఆ ఒక్కరినీ ఒప్పించాల్సిన అవసరమే మిగిలినవారికి రాలేదు. సెషన్స్ జడ్జి ఆ నిర్ణయాన్ని అంగీకరించక హైకోర్టుకు నివేదించారు. హైకోర్టు దోషిగా తేల్చింది, 1961లో సుప్రీంకోర్టు దానినే ఖాయం చేసింది. గదిలో ఎవరినీ కదిలించలేకపోయిన ఆ తొమ్మిదో మనిషి మాటే చివరికి నిలిచింది. (ఆ కేసుతోనే జ్యూరీ రద్దయిందనడం సరికాదు, కొన్నిచోట్ల అది ఆ తర్వాతా సాగి, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో పూర్తిగా పోయింది.)

మీ అబ్బాయిని జ్యూరీకి ఎంపిక చేస్తారో లేదో ముందుగా చెప్పలేం. ఎంపికైతే మాత్రం, కేసు ముగిసేదాకా ఆ సంగతులు ఇంట్లోవారితో కూడా మాట్లాడకూడదు కనుక, మీరు ఫోనులో ఎంత అడిగినా అతడు దాటవేస్తాడు, ఏమీ అనుకోకండి.