ముందు ఒక బధిర టీచర్‌ను వెతుకు

బిడ్డా,

నీ మెసేజ్ చూశాను. సెప్టెంబర్ 23న సంజ్ఞా భాషల దినోత్సవానికి హన్మకొండలో ర్యాలీ తీద్దాం, టీషర్టులు వేయిద్దాం అని రాశావు. తీయ్, వద్దనను. కానీ నువ్వు పంపిన లిస్టులో బ్యానర్ ఉంది, మైకు ఉంది, ముఖ్య అతిథి ఉన్నాడు, బధిరుడు మాత్రం ఒక్కడూ లేడు.

బధిరుడైన మీ అన్న సంగతి నీకు సగమే తెలుసు. వాడి మూడో ఏట ఒక డాక్టర్ 'సైగలు చేయనిస్తే మాట రాదు' అంటే నమ్మేశాను. చెయ్యి లేపితే దెబ్బ వేసేవాణ్ణి, చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. ఎనిమిదేళ్లప్పుడు మేడారంలో జంపన్నవాగు దగ్గర తప్పిపోయాడు. మైకులో గంటసేపు వాడి పేరు పిలిచారు, మీ పెద్దమ్మ ఏడుస్తూ ఇంకా గట్టిగా పిలవండి, ఇంకా గట్టిగా అంటోంది, ఎంత గట్టిగా పిలిస్తే ఏం లాభం! చివరికి ఒక బెల్లం దుకాణం పక్కన దొరికాడు, ఇద్దరు బధిర పిలగాండ్ల మధ్య కూర్చుని వాళ్ల చేతులు చూస్తూ, తనూ చేతులు తిప్పుతూ పకపకా నవ్వుతున్నాడు. ఇంట్లో వాడు అట్లా నవ్వగా నేను చూడలేదు. వాళ్లలో ఒకడు నా జేబులో పెన్ను తీసుకుని బస్ టికెట్ వెనకాల రాసిచ్చాడు: 'బాబుకు భాష లేదు. నేర్పండి.'

అందుకే చెప్తున్నా, ముందు సంజ్ఞా భాష నేర్పే మనిషిని చూసుకో. ఇంటర్‌ప్రిటర్ వేరు, టీచర్ వేరు. నేర్పేది బధిరులైతేనే భాష అసలు రుచి తెలుస్తుంది, వాళ్లకు ఫీజు ఇవ్వాలి, శాలువా కప్పి పంపేయొద్దు. ఢిల్లీలో 2015లో పెట్టిన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం ఈ భాష నేర్పే టీచర్లు కావడానికి బధిరులకే డిప్లొమా ఇస్తుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి, మాట సమస్యల మీద పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, వెళ్లి అడుగు. అంతకంటే ముందు మన ఊళ్లోనే సాయంత్రాలు చాయ్ హోటల్ దగ్గర చేతులతో ముచ్చట పెట్టుకునే గుంపు ఉంటుంది చూడు, అక్కడికి పో.

యూట్యూబ్‌లో కనిపించిందల్లా నేర్చుకోకు. సగం వీడియోలు అమెరికా వాళ్లవి, వాళ్లు అక్షరాలను ఒక్క చేత్తో చూపిస్తారు, మనవాళ్లు రెండు చేతులతో. ఢిల్లీ కేంద్రం వాళ్ల నిఘంటువులో 2021 నాటికే 10,000 పదాలు ఉన్నాయి, వీడియోలన్నీ ఫ్రీ. అయితే పదాలు బట్టీ పడితే భాష రాదు. 'నీ పేరు ఏంది' అని మనం చివర్లో ప్రశ్న వేసినట్టే అందులోనూ ప్రశ్న పదం చివరికే వస్తుంది, ఆ లెక్కన మనకు కొంత సులువే. కష్టమంతా ముఖంతో. అదే సంజ్ఞకు కనుబొమ్మలు లేపితే ప్రశ్న అయిపోతుంది, మనకేమో ముఖం కదిలించాలంటే సిగ్గు.

మీటింగ్ పెడితే కిటికీకి వీపు పెట్టి ఎవరినీ నిలబెట్టకు, వెలుతురు వెనక నుంచి వస్తే చేతులు కనిపించవు. కుర్చీలు గుండ్రంగా వేయించు. ఇంటర్‌ప్రిటర్లు ఇద్దరుండాలి, అరగంటకే చేతులూ బుర్రా అలసిపోతాయి. పోస్టర్ మీద 'మూగ' అన్న మాట కనిపిస్తే నేనే వచ్చి చింపేస్తా.

ర్యాలీ డబ్బుల్లో సగం మిగిల్చి బధిర పిల్లల తల్లిదండ్రులకు ఆదివారం క్లాసు పెట్టు. ఇంట్లో అందరూ నవ్వుతుంటే పిల్లాడు 'ఏంది' అని అడుగుతాడు, మనం 'తర్వాత చెప్తా' అంటాం, ఆ తర్వాత ఎప్పటికీ రాదు. ఆ తల్లిదండ్రులు నేర్చుకున్నాక ఆసుపత్రి ఓపీ కౌంటర్ వాళ్లకు, బ్యాంకు వాళ్లకు కూడా నేర్పించు. ఓపీలో పేరు పిలుస్తారు కదా, వినపడక మీ అన్న వంతు ఎన్నిసార్లు పోయిందో! టీచర్లను సంజ్ఞా భాషలో తయారు చేయాలని 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉంది, కలెక్టరేట్‌లో అర్జీ పెట్టేటప్పుడు ఆ ముక్క తప్పకుండా రాయి.

ఇంకోటి, కోపం తెచ్చుకోకు. రాఖీ కట్టి కూడా మీ అన్నతో వాట్సాప్‌లోనే మాట్లాడతావు. వాడు నీకు చిన్నప్పుడే ఒక పేరు సంజ్ఞ, అంటే పేరుకు బదులు చేసే సైగ, పెట్టాడు, అదేంటో నీకు తెలియదు. ఈ ఆదివారం వచ్చి వాణ్ణే అడుగు. నాదైతే మీసం మెలేయడం, మీసం తీసేసి పదేళ్లయినా పేరు మాత్రం మార్చలేదు.

మీ పెద్దబాపు