మాటలతో ఆట: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మేము ఆన్‌లైన్‌లో పరిచయమైన స్నేహితులం. ఒకరినొకరు కలుసుకున్నది లేదు. రోజూ ఉదయం అందరం ఒకే పదక్రీడ ఆడి, ఎన్నో ప్రయత్నంలో మాట దొరికిందో వాట్సాప్‌లో చెప్పుకుంటాము. మొదట్లో ఎంతో సరదాగా ఉండేది. ఇప్పుడు ఇద్దరు ముగ్గురే ఎప్పుడూ ముందుంటున్నారు; తక్కినవారు అంకె వేసి ఊరుకుంటున్నారు, కొందరు అదీ మానేశారు. ఈ ఆటకు మళ్లీ కళ తెప్పించడం ఎలా? – ఒక పాఠకురాలు

సమాధానం: కారణం మీ ఉత్తరంలోనే ఉంది. మీరిప్పుడు పంచుకుంటున్నది అంకె ఒక్కటే. మూడు గొప్ప, ఐదు తక్కువ అనుకున్న తరువాత అంకె మీద మాట్లాడుకోవడానికి ఇంకేమీ మిగలదు. వర్డిల్ అనే ఇంగ్లీషు పదక్రీడనే చూడండి. జోష్ వార్డిల్ పదక్రీడలంటే ఇష్టపడే తన సహచరి కోసం తయారుచేసిన వర్డిల్ 2021 అక్టోబరులో అందరికీ అందుబాటులోకి వచ్చి, 2022 జనవరికల్లా న్యూయార్క్ టైమ్స్ కొనుగోలు చేసేటంతటి ఆదరణ పొందింది. ఐదు అక్షరాల ఇంగ్లీషు మాటను ఆరు ప్రయత్నాలలో పట్టుకోవాలి. రోజుకు ఒకటే మాట, అదీ ఆడేవారందరికీ ఒకటే. అయితే దాన్ని నలుగురి మధ్యకు తెచ్చినవి ఆకుపచ్చ (అక్షరం సరైన చోట ఉంది), పసుపు (అక్షరం ఉంది కానీ చోటు వేరు), బూడిద (అసలు లేదు) రంగుల చిన్న చతురస్రాలు. మాటను బయటపెట్టకుండా, ఆ మాట దాకా నడిచిన దారిని మాత్రం అవి చూపిస్తాయి. ఆటగాళ్లు కొందరు వాటిని చేత్తో టైపు చేసి పంపుకుంటున్నారని గమనించిన తరువాతే వార్డిల్ ఆ సదుపాయాన్ని ఆటలో చేర్చాడు.

కనుక మీరు మొదట చేయవలసింది, అందరూ ఆడడం పూర్తయిన తరువాత ఆ దారిని గురించి మాట్లాడుకోవడం. ఎవరు ఏ మాటతో మొదలుపెట్టారు, ఎక్కడ పక్కదారి పట్టారు, ఏ అక్షరం చూశాక చిక్కు వీడింది అని అడిగి చూడండి. ఆరో ప్రయత్నంలో గట్టెక్కినవారి దగ్గరే చెప్పడానికి ఎక్కువ ఉంటుంది. రెండో ప్రయత్నంలోనే తేల్చేసినవారికి అదృష్టాన్ని గురించి తప్ప చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. దీనితో ఇప్పుడు వెనుకబడిపోయామనుకుంటున్నవారు మాట్లాడడం మొదలుపెడతారు.

ఇంతకన్నా ముఖ్యమైన సలహా మరొకటి ఉంది. ఎప్పుడూ చిక్కు విప్పేవారిగానే ఉండిపోకుండా, వంతులవారీగా మీరే చిక్కు వేయండి. గళ్లనుడికట్టు ఆధారం ఒక్కటి చాలు. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ తొలి నుడికట్టును అచ్చువేసినప్పుడు ఆధారాలు చాలావరకు సూటి అర్థాలే. మాటను తిప్పి, విరిచి, దాచి ఆధారం కట్టే పద్ధతి ఆ తరువాత పెరిగింది, మన తెలుగు నుడికట్టులలోనూ బాగా స్థిరపడింది. ఉదాహరణకు ‘లక్ష్మి తిరగబడితే యంత్రం’ అన్న ఆధారం ఇచ్చి, సమాధానం రెండక్షరాలని చెప్పారనుకోండి. చదివినవారి మనసు మొదట పురాణంలోకి వెళుతుంది, లక్ష్మికి కోపం వచ్చిన సందర్భం కోసం వెతుకుతుంది. కాసేపటికి ‘తిరగబడితే’ అన్నది అక్షరాలకు చెప్పిన మాట అని తోస్తుంది. సిరి, పద్మ అని ఒక్కొక్కటే తిప్పి చూసి, చివరకు ‘రమ’ దగ్గర ఆగితే ‘మర’ కనబడుతుంది. ఆధారంలో ఉన్న మూడు మాటలకూ పని ఉంది. ఒక్కటి తీసినా అది నిలవదు. ‘ఆకాశంలో బంధువు, నాలుగక్షరాలు’ అంటే చందమామ అని పిల్లలు కూడా చెప్పగలరు, అయినా దాన్ని కట్టినవారి సంతోషం తక్కువేమీ కాదు. ఆధారం కట్టేవారు గెలవాలని కోరుకోరు. ఎదుటివారు కాస్త తికమకపడి, చివరకు తప్పకుండా తేల్చుకోవాలని కోరుకుంటారు. స్నేహితుల మధ్య ఆటకు ఆ కోరికే సరైనదని నా నమ్మకం. అంకెలలో వెనుకబడినవారు ఇందులో ముందుండడం నేను చాలాచోట్ల చూశాను.

ప్రశ్న: వర్డిల్ వంటి ఆటను మేమే తెలుగులో తయారుచేసుకుని ఆడుతున్నాము. కానీ ఏ అక్షరం సరిపోయింది, ఏది సరిపోలేదు అన్న విషయంలో రోజూ వాదులాటే. దీనికి నియమం ఏమిటి? – ఒక పాఠకుడు

సమాధానం: తెలుగులో ఒక గడికి ఒక పూర్తి అక్షరం, అంటే హల్లు, గుణింతం, ఒత్తు, సున్న అన్నీ కలిసిన రూపం వస్తుంది. మీ వాదులాట అంతా అక్కడే పుడుతోంది. దాచిన మాట ‘కవిత’ అనుకుందాము. ఒకరు ‘కలత’ అన్నారు. మొదటిదీ మూడోదీ అచ్చంగా సరిపోయాయి, ఇందులో తగవు లేదు. మరొకరు ‘కావడి’ అన్నారు. కకారం ఉంది కానీ దీర్ఘం అదనం, వకారం ఉంది కానీ గుడి లేదు. దీన్ని తప్పు అంటే ఆడేవారికి అన్యాయం, ఒప్పు అంటే ఆటకు అన్యాయం. అందుకని మూడు జవాబులు చాలవు, నాలుగోది కావాలి: అక్షరం అచ్చంగా ఉంది, అక్షరం ఉంది కానీ చోటు వేరు, హల్లు ఉంది కానీ గుణింతమో ఒత్తో వేరు, అసలు లేదు. హల్లు మాత్రమే కలిసిందనే ఆ కొత్త జవాబుకు ఒక రంగు కేటాయించుకుంటే ‘కావడి’ అన్నవారికి రెండు గడులలో ఆ రంగు వస్తుంది, వారు న్యాయంగా ఒక మెట్టు ముందుకు వెళతారు. పుస్తకం అనాలా పుస్తకము అనాలా, పెళ్లి అని రాయాలా పెళ్ళి అని రాయాలా అన్నవి కూడా ఆటకు ముందే తేల్చుకోండి. ఏది ఎంచుకున్నా ఫరవాలేదు, రోజుకొకటి మాత్రం కూడదు.

మీరు ముందుముందు నుడికట్టు కూర్చాలనుకుంటే ఈ సంగతి మరింత అవసరమవుతుంది. ‘పుస్తకం’ మూడు గడులలో ఇముడుతుంది. దాని నడిమి గడిలోని ‘స్త’ను దాటుతూ నిలువుగా ‘అస్తమయం’ దిగవచ్చు కానీ ‘ఆస్తి’ దిగలేదు, ఎందుకంటే అక్కడ గుడి వచ్చింది. అందుకే కొత్తగా కూర్చేవారు అడ్డం, నిలువు కలిసే గడులలో ఒత్తులు లేని అక్షరాలు వచ్చేటట్టు చూసుకోవడం మంచిది.

ప్రశ్న: మా మిత్రులు వేరువేరు దేశాలలో ఉన్నారు. ఒకరికి తెల్లవారేసరికి మరొకరు సమాధానం చెప్పేస్తున్నారు. నిఘంటువు చూడడం, కృత్రిమ మేధను అడగడం కూడా జరుగుతోంది. ఏమి చేయాలి? – ఒక పాఠకురాలు

సమాధానం: సమాధానం బయటపెట్టే హక్కును చిక్కు వేసినవారికే వదలండి. వారు అందరికీ పొద్దుగూకిన తరువాత చెబుతారు, అంతవరకు తేలినవారు ‘తేలింది’ అని మాత్రమే రాస్తారు. సూచన కావలసినవారు చిక్కు వేసినవారిని విడిగా అడగవచ్చు. నిఘంటువు విషయంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు. తెలియని పర్యాయపదాన్ని వెతికి పట్టుకోవడం ఆటలో భాగమే. ఆధారాన్ని ఉన్నదున్నట్టు యంత్రానికి ఇచ్చి జవాబు తెచ్చుకుంటే మాత్రం, తికమకపడి తేల్చుకోవడంలోని ఆనందాన్ని మనమే వదులుకున్నట్టు. దీన్ని నిషేధంగా పెట్టకుండా, మీ బృందంలో ఒకసారి మనసు విప్పి మాట్లాడుకుంటే చాలు.

ప్రశ్న: మా బృందంలో కొందరు సరదా పద్యాలు రాస్తుంటారు. నాకు ఛందస్సు రాదు. ఈ వయసులో మొదలుపెట్టవచ్చునా? నవ్వుకోవడానికి రాసే పద్యానికి ఇంత నియమం అవసరమా? – ఒక పాఠకుడు

సమాధానం: తప్పకుండా మొదలుపెట్టవచ్చు. నియమం కూడా అవసరమే, ఎందుకంటే నవ్వు చాలావరకు దానివల్లనే పుడుతుంది. అటు ఇంగ్లీషులో ఎడ్వర్డ్ లియర్ 1846లో ప్రచురించిన లిమరిక్కులకైనా (ప్రాస కలిసే చిన్న హాస్యపద్యాలు), ఇటు మన అవధానంలోని సమస్యాపూరణానికైనా రుచి ఆ ఇరుకులోనే ఉంది. శ్రీశ్రీ అంతటి కవి లిమరిక్కులూ ప్రాసక్రీడలూ రాశాడంటే, సరదా పద్యాన్ని చిన్నచూపు చూడవలసిన పని లేదు.

ఆటవెలదితో మొదలుపెట్టండి. వేమన పద్యాలు ఎక్కువగా ఆటవెలదులే కనుక ఆ నడక మీ చెవికి ఇదివరకే తెలుసు. గణమంటే అక్షరాల చిన్న గుంపు. ఒకటి, మూడు పాదాలలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (సూర్యగణాల కన్నా పొడవైనవి). రెండు, నాలుగు పాదాలలో ఐదూ సూర్యగణాలే. సూర్యగణాలు రెండే: మూడు లఘువులు ఒకటి, గురువు తరువాత లఘువు మరొకటి. లఘువంటే పొట్టిగా పలికే అక్షరం; గురువంటే దీర్ఘం వల్లనో, సున్న వల్లనో, తరువాతి అక్షరానికున్న ఒత్తు వల్లనో బరువుగా పలికే అక్షరం. నాలుగో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో యతి కలవాలి, అంటే రెండూ ఒకే తీరుగా ధ్వనించాలి. ప్రాస నియమం (అన్ని పాదాలలో రెండో అక్షరం ఒకే హల్లు కావాలన్నది) లేదు కనుక కొత్తవారికి ఊపిరి ఆడుతుంది.

మిత్రులతో ఆడడానికి దత్తపది చాలా అనువైనది. ఒకరు నాలుగు మాటలు ఇస్తారు, తక్కినవారు ఆ నాలుగూ వచ్చేటట్టు పద్యం చెబుతారు. గడి, మాట, మిత్రుడు, ఆట అని ఇస్తే నేను ఇలా పూరిస్తాను:

గడులు నింపలేక గంటసేపు గడిచె
మాట తట్టదాయె మదికి నేడు
మిత్రుడొకడు పంపె మెల్లగా సూచన
ఆట ముగిసె నవ్వులన్ని మిగిలె

రెండో పాదాన్ని విడదీసి చదవండి: మాట, తట్ట, దాయె, మదికి, నేడు. ‘మదికి’ మూడు లఘువులు, తక్కిన నాలుగూ గురువు తరువాత లఘువు. మొదటి ‘మా’కు నాలుగో గణంలోని ‘మ’తో యతి కుదిరింది. నాలుగో పాదంలో ‘నవ్వులు అన్ని’ కలిసి ‘నవ్వులన్ని’ అయింది. ఆ కలయికలో దాగిన అకారం ‘ఆట’లోని ఆకారంతో యతి కలుస్తుంది. చేత్తో తాళం వేస్తూ రెండు మూడు సార్లు పైకి చదివితే, గణం తప్పిన చోట నాలుక తడబడుతుంది. గణాల పట్టిక బట్టీపట్టడం కన్నా ఈ పద్ధతి త్వరగా ఒంటబడుతుంది.

మొదటి ప్రయత్నానికి మీకు వాన, దారి, గొడుగు, నవ్వు అన్న మాటలు ఇస్తున్నాను. నాలుగూ సూర్యగణాలే కనుక ఏ పాదానికైనా మొదటి మాటగా నిలుస్తాయి. ‘గొడుగు’తో మొదలయ్యే పాదంలో యతి కోసం గు, గూ, గొ, గో లలో ఏదైనా వెతుక్కోండి. మీ పద్యాన్ని ముందు మీ మిత్రులకు వినిపించి, ఆ తరువాత మాకు పంపండి.