మైక్ ఆపేసి ఆడుకోవచ్చా అక్కా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఫోన్లు, గేములు, వాట్సాప్ గురించే. ఆటిజం, ఏడీహెచ్‌డీ (ధ్యాసని కావాల్సిన చోట నిలపడం కష్టమయ్యే మెదడు తీరు) ఉన్నవాళ్ళు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు రాసినవి. నాకూ ఏడీహెచ్‌డీ ఉందని 33 ఏళ్ళ వయసులో తెలిసింది కాబట్టి ఈ ఉత్తరాలు చదువుతుంటే చాలాచోట్ల నా ఇల్లే కనిపించింది. మందుల సంగతి మీ డాక్టరునే అడగండి, మిగతాది నాకు తెలిసినంత చెప్తాను.

మా బాబుకి 11 ఏళ్ళు. నాలుగో ఏట ఆటిజం అని చెప్పారు. సెలవు రోజుల్లో నాలుగైదు గంటలు మైన్‌క్రాఫ్ట్ (దిమ్మలు పేర్చి ఇళ్ళు కట్టే వీడియోగేమ్) ఆడతాడు. ఆపమంటే పెద్దగా ఏడుస్తాడు, తల గోడకి కొట్టుకుంటాడు. మా అత్తగారు, ఆడపడుచు 'నువ్వు ఫోన్ అలవాటు చేయబట్టే వీడిలా అయ్యాడు' అంటున్నారు. నిజమేనా? పూర్తిగా మాన్పించేయాలా? – ఒక అమ్మ, కాకినాడ

ముందు మీ అత్తగారి మాటకి జవాబు చెప్తాను, ఎందుకంటే మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతున్నది అదేనని ఉత్తరంలోనే తెలిసిపోతోంది. మీరు ఫోన్ ఇచ్చినందువల్ల ఆటిజం రాలేదండీ. అది పుట్టుకకు ముందే మొదలయ్యే మెదడు ఎదుగుదల తీరు, అందులో జన్యువుల పాత్ర చాలా ఉంటుంది. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల గురించి వివరంగా రాశారు, ఆ పిల్లలెవరి చేతిలోనూ ఫోన్ లేదు. ఈ ఒక్క మాట ఇంట్లో గట్టిగా చెప్పండి, మీవారితో కూడా చెప్పించండి.

ఇక మైన్‌క్రాఫ్ట్. ఒకరోజు బాబు పక్కన కూర్చుని ఏమీ అడగకుండా ఓ అరగంట చూడండి. అక్కడ మూడు చెక్క పలకలు, రెండు పుల్లలు పెడితే గొడ్డలి వస్తుంది, ఇవాళా అంతే, రేపూ అంతే, వచ్చే సంక్రాంతికీ అంతే. మన చుట్టాల ఇళ్ళల్లో అలా ఉండదు కదా. ఒకరు బుగ్గ గిల్లుతారు, ఇంకొకరు 'నేనెవరో చెప్పు చూద్దాం' అని అందరి ముందూ పరీక్ష పెడతారు, వంటింట్లో మిక్సీ, హాల్లో సీరియల్, ఎటునుంచి ఏ చప్పుడు వస్తుందో తెలీదు. రోజంతా అలాంటి చోట్ల నెట్టుకొచ్చిన పిల్లాడికి, తను పెట్టిన ఇటుక తను పెట్టిన చోటే ఉండే లోకం ఎంత హాయిగా ఉంటుందో ఆలోచించండి. దాన్ని పూర్తిగా లాగేస్తే ఏడుపు తగ్గదు, పెరుగుతుంది.

ఆపడం దగ్గర గొడవ ఎందుకంటే, మీరు 'ఇంక చాలు' అన్న నిమిషానికి వాడి ఇంటికి సగం పైకప్పే పడి ఉండొచ్చు. ఆటిజం ఉన్న చాలామందికి చేస్తున్న పనిలోంచి ఇంకో పనిలోకి మారడమే పెద్ద కష్టం. దీనికి ఆటలోనే ఒక దారి ఉంది. మైన్‌క్రాఫ్ట్‌లో ఒక పగలూ ఒక రాత్రీ కలిపి 20 నిమిషాలు. 'ఇంకో అరగంట' అంటే వాడికి కంటికి ఏమీ కనపడదు, 'ఇంకో రెండుసార్లు పొద్దు గుంకాక ఆపేద్దాం నాన్నా' అంటే తెర మీదే కనపడుతుంది. (మంచం మీద పడుకుంటే రాత్రి గడిచిపోతుంది, ఆ కిటుకు వాడికి తెలిసే ఉంటుంది, అప్పుడేం చేయాలో ముందే మాట్లాడుకోండి.) ఆపాక ఏం చేస్తామన్నది రోజూ ఒకటే ఉండనివ్వండి: స్నానమైతే స్నానం, పెరుగన్నమైతే పెరుగన్నం. సగం కట్టింది ఎక్కడికీ పోదనీ, రేపు తెరిస్తే అలాగే ఉంటుందనీ ఆపేటప్పుడు చెప్పండి, కావాలంటే ఒక ఫొటో తీసి వాడికే చూపించండి.

తల కొట్టుకోవడం మాత్రం మీరు ఒంటరిగా మోయాల్సింది కాదు. ఆ సమయంలో బతిమాలడం, బెదిరించడం రెండూ పనిచేయవు, లైటు తగ్గించి, గోడకీ తలకీ మధ్య దిండు పెట్టి, మాటలు తగ్గించండి. తర్వాత తీరిగ్గా ఆక్యుపేషనల్ థెరపిస్టుకి (రోజువారీ పనులు, చప్పుళ్ళలాంటివి తట్టుకోవడం నేర్పే నిపుణులు) చూపించండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది, ఒక్కసారి వెళ్ళొచ్చినా మీకు దారి తెలుస్తుంది. మీకే గుండె బరువైన రోజు 14416కి ఫోన్ చేయండి, అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇంకో మాట. ఎవరుపడితే వాళ్ళు వచ్చి కలిసి ఆడే ఆన్‌లైన్ సర్వర్లలో మాత్రం బాబుని వదలకండి. అక్కడ కట్టినవి పడగొట్టి ఏడిపించేవాళ్ళు ఉంటారు. కెనడాలో స్టువర్ట్ డంకన్ అనే ఆయన, తనూ ఆటిస్టిక్, కొడుకూ ఆటిస్టిక్, ఇలాంటి ఏడుపులు విని విని 2013లో ఆట్‌క్రాఫ్ట్ అని ఒక మైన్‌క్రాఫ్ట్ సర్వర్ పెట్టారు. ముందుగా అనుమతి తీసుకున్న ఆటిస్టిక్ పిల్లలు, పెద్దలు, వాళ్ళ కుటుంబాలకే ప్రవేశం, ఏడిపించడం, దొంగిలించడం కుదరదు. మీరు అంత దూరం వెళ్ళక్కర్లేదు, వాడికి నచ్చిన ఇద్దరు పిల్లలతో మీ ఇంటి వైఫై మీద ఒక చిన్న లోకం పెట్టుకున్నా చాలు. నిద్ర, తిండి, స్కూలు సరిగ్గా నడుస్తున్నంత వరకూ సెలవు రోజు నాలుగు గంటలు చూసి భయపడకండి. నిద్ర చెడిందంటే మాత్రం ముందు రాత్రి ఆట తగ్గించండి.

నేను బీజీఎంఐ (జట్టుగా ఆడే తుపాకుల మొబైల్ గేమ్) బాగా ఆడతాను. కానీ ముగ్గురు ఒకేసారి మైక్‌లో మాట్లాడుతూ, మధ్యలో తుపాకుల చప్పుడు వస్తుంటే నాకు ఒక్క మాటా బుర్రకెక్కదు. మైక్ ఆపేస్తే 'అమ్మాయివి కదా, అందుకే భయం' అని తిడుతున్నారు. మైక్ ఆపేసి ఆడుకోవచ్చా అక్కా? – డిగ్రీ రెండో సంవత్సరం, కరీంనగర్

ఆడుకోవచ్చు చెల్లీ. ఎవర్నీ అడగక్కర్లేదు.

చెవులు బాగానే ఉన్నా, నాలుగు చప్పుళ్ళలోంచి ఒక్కదాన్ని విడదీసుకోవడం కొన్ని మెదళ్ళకి కష్టం, ఏడీహెచ్‌డీలో, ఆటిజంలో ఇది మామూలు విషయం. నువ్వు నీ మైక్‌తోపాటు జట్టువాళ్ళ వాయిస్ కూడా మ్యూట్ చేసి, క్విక్ మెసేజ్‌లూ మ్యాప్ మీద మార్కులూ వాడు. శత్రువుల అడుగులు, కాల్పులు మినీ మ్యాప్ మీద గుర్తులుగా కూడా పడతాయి, చెవి చేయాల్సిన పని కొంత కంటికి ఇవ్వు. 2019లో ఎపెక్స్ లెజెండ్స్ అనే ఇంకో తుపాకుల గేమ్ వచ్చినప్పుడు ఒక్క బటన్‌తో 'ఇక్కడ శత్రువు ఉన్నాడు, ఇక్కడ తుపాకీ ఉంది' అని చూపించే పింగ్ పద్ధతిని ఎంతోమంది మెచ్చుకున్నారు, దాంతో ఒక్క మాటైనా మాట్లాడకుండా జట్టుగా ఆడొచ్చు. మొదట్లోనే 'మైక్ లేదు, మార్క్ చేస్తా' అని టైప్ చేసేయ్. తిట్టినవాణ్ణి రిపోర్ట్ చేసి బ్లాక్ చేయి, వాడికి వివరణ ఇస్తూ నీ సాయంత్రం పాడుచేసుకోకు.

పోయిన ఏడాది నాకు ఏడీహెచ్‌డీ అని తేలింది. గేమ్ మొదలుపెడితే ఆరు గంటలు కదలను, డీబీఎంఎస్ (డేటాబేస్ సబ్జెక్టు) పుస్తకం తెరిస్తే ఆరు నిమిషాలు కూర్చోలేను. రీల్స్ అయితే రాత్రి రెండింటి దాకా. 'గేమ్ మీద ఉన్న ఏకాగ్రత చదువు మీద ఎందుకుండదు' అని నాన్న. నాకు గేమింగ్ అడిక్షన్ ఉన్నట్టా? – బీటెక్ మూడో సంవత్సరం, విజయవాడ

మీ నాన్నగారి ప్రశ్న నేను చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో. మా కాలంలో అది టీవీకి తగిలించే వీడియోగేమ్, క్యాసెట్ తీసి ఊది మళ్ళీ పెట్టేవాళ్ళం. మారియోలో ఒకే గొయ్యి నలభైసార్లు దూకేదాన్ని, ఎక్కాల పుస్తకం ముందు ఏడ్చేదాన్ని, స్కూల్లో అందరూ నన్ను బద్ధకస్తురాలు అనుకున్నారు, నేనూ అదే నమ్మాను. ముప్ఫై మూడేళ్ళు నమ్మాను తమ్ముడూ. నువ్వు అన్నేళ్ళు నమ్మకు.

ఏడీహెచ్‌డీలో ఏకాగ్రత లేకపోవడం ఉండదు, దాన్ని కావాల్సిన చోటికి తిప్పే స్టీరింగ్ మన చేతిలో సరిగ్గా ఉండదు. గేమ్ ప్రతి రెండు సెకన్లకీ ఏదో ఒక జవాబు ఇస్తుంది: తగిలింది, తగల్లేదు, లెవెల్ పెరిగింది. డీబీఎంఎస్ జవాబు సెమిస్టర్ చివర్లో వస్తుంది. మన మెదడుకి అంత దూరం కనపడదు.

అడిక్షన్ సంగతికొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న జబ్బుల జాబితాలో గేమింగ్ డిజార్డర్‌ని చేర్చింది. దానికి గంటలు లెక్కపెట్టరు. ఆటమీద అదుపు పోవడం, మిగతా అన్నిటికన్నా ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కళ్ళెదుట కనపడుతున్నా ఆపలేకపోవడం, ఇదంతా మామూలుగా 12 నెలల పాటు సాగడం చూస్తారు. నువ్వు రాసినదాన్నిబట్టి నాకు గేమ్ కన్నా రీల్స్ ఎక్కువ భయంగా ఉన్నాయి. గేమ్‌లో మ్యాచ్ అయిపోతుంది, లాబీలోకి వస్తావు, అక్కడ ఒక్క క్షణం లేవడానికి వీలుంటుంది. రీల్స్‌కి చివర లేదు. ఆ చివర లేకుండా జారిపోయే స్క్రోల్‌ని 2006లో తయారుచేసిన ఆజా రాస్కిన్ అనే డిజైనరే తర్వాత దానికి బహిరంగంగా పశ్చాత్తాపపడ్డారు. తయారుచేసినవాడే బాధపడిన దానిముందు నీ ఒక్కడి మనోబలం చాలట్లేదని నిన్ను నువ్వు తిట్టుకోవద్దు. రాత్రి పదింటికి ఫోన్ గదిలో లేకుండా చూడు, రూమ్మేట్‌కి ఇచ్చేయ్, అలారానికి వంద రూపాయల గడియారం కొను. ఫోన్ తెరని నలుపు తెలుపు చేసే సెట్టింగ్ ఉంటుంది, నాకు అది బాగా పనిచేసింది.

చదువుకి ఒకటి చెప్తాను, నవ్వకుండా చేసి చూడు. బాడీ డబ్లింగ్ అంటారు. ఇద్దరు స్నేహితులతో డిస్కార్డ్ అనే యాప్‌లో వాయిస్ రూమ్ తెరిచి, అందరూ మ్యూట్‌లో పెట్టి, ఎవరి పని వాళ్ళు చేసుకోవడం. మొదట్లో 'నేను నార్మలైజేషన్ చాప్టర్ చదువుతా' అని చెప్పడం, 25 నిమిషాలయ్యాక ఎంతైందో చెప్పడం. పక్కన ఒక మనిషి ఉన్నాడన్న భావనే మనల్ని కుర్చీలో కూర్చోబెడుతుంది, ఎందుకో అడగకు, నేను ఈ కాలమ్ కూడా మా చెల్లెలు వీడియోకాల్‌లో కూరలు తరుగుతుంటే రాస్తున్నాను. కాలేజీలో సాయం అడిగేముందు ఒక విషయం తెలుసుకో: 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం, స్పెసిఫిక్ లెర్నింగ్ డిజబిలిటీ (చదవడం, రాయడం, లెక్కల్లో వచ్చే ఇబ్బంది) ఉన్నాయి, ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. నాకు ఇది చాలా అన్యాయం అనిపిస్తుంది. అందుకని సర్టిఫికెట్ ఒక్కదానిమీదే ఆశ పెట్టుకోకుండా, నీ డాక్టర్ రాసిచ్చిన కాగితంతో హెచ్‌ఓడీని నేరుగా కలువు.

31 ఏళ్ళకి నాకు ఆటిజం అని తెలిసింది. మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో నేను ఇల్లు కొన్న ఫొటో పెడితే మా పెద్దమ్మ కొడుకు 'అబ్బో, పెద్దవాళ్ళయిపోయారు' అని రాశాడు. ఎగతాళి అనుకుని గట్టిగా జవాబిచ్చాను. సరదాకి అన్నాడట. ఇప్పుడు అందరూ నన్నే తప్పుపడుతున్నారు. ఎదురుగా ఉంటేనే నాకు సగం అర్థం కాదు, టెక్స్ట్‌లో ఎలా? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్

తెలుగులో 'అవునా' అన్న ఒక్క మాట ఎన్ని రకాలుగా అంటామో చూడండి. ఆశ్చర్యం, అనుమానం, వెటకారం, 'నాకేంటి' అన్న విసుగు, అన్నీ దీర్ఘం ఎంత లాగామన్నదాంట్లోనే ఉంటాయి. 'చూద్దాంలే' అంటే కుదరదని అర్థం. 'మీ ఇష్టం' అంటే సాధారణంగా నాకిష్టం లేదని. గొంతు తీసేసి ఆ అక్షరాల్నే ఫోన్లో పంపిస్తే ఆటిజం లేనివాళ్ళకే గొడవలొస్తాయి, మీ ఒక్కరిదే తప్పని ఒప్పుకోకండి. ఇంగ్లండ్‌లో డేమియన్ మిల్టన్ అనే ఆటిస్టిక్ పరిశోధకుడు 2012లో దీన్నే డబుల్ ఎంపతీ ప్రాబ్లమ్ అన్నారు: ఆటిజం ఉన్నవాళ్ళకి లేనివాళ్ళు ఎంత అర్థం కారో, లేనివాళ్ళకీ ఉన్నవాళ్ళు అంతే అర్థం కారు. మీ అన్నయ్యకి కూడా మీరు నొచ్చుకుంటారని అర్థం కాలేదు కదా.

ఇంగ్లిష్‌లో న్యూరోడైవర్జెంట్ వాళ్ళు (ఆటిజం, ఏడీహెచ్‌డీ లాంటివి ఉన్నవాళ్ళు) దీనికి టోన్ ట్యాగ్స్ వాడతారు, మాట చివర ఒక గీత గీసి జోక్ అయితే జే, నిజంగా అయితే ఎస్ఆర్ఎస్ అని పెడతారు. మన పెద్దవాళ్ళ గ్రూప్‌లో అవి పనిచేయవు, తెలుగు మాటే పెట్టుకోండి. మా ఇంట్లో నేను ఒకసారి రాశాను: 'నాకు వెటకారం, సరదా తేడా తెలీదు, సరదా అయితే పక్కన సరదాకి అని పెట్టండి, లేకపోతే నేను రాత్రంతా ఆలోచిస్తా.' మా మావయ్య మొదట 'ఇదేం గోల' అన్నారు. మీరు అన్నయ్యకి గ్రూప్‌లో కాకుండా విడిగా రాయండి, సారీ చెప్పాలనిపిస్తే కోపంగా అన్నందుకు చెప్పండి, అర్థం కాలేదన్నందుకు చెప్పకండి. అర్థం కానిచోట 'ఇది సరదాకా, నిజంగానా?' అని అడిగేయండి, మొదటి రెండుసార్లు ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత వాళ్ళే అలవాటు పడతారు. మొన్న ఉగాదికి మా మావయ్య నా పచ్చడి ఫొటో చూసి 'తినేవాళ్ళు పాపం, సరదాకి' అని రాశారు.