బైట్లు ఎక్కడికి పోతున్నాయి?

ప్రశ్న: సార్, సీ లాంగ్వేజ్‌లో సొంతంగా ఒక చిన్న ఎమ్యులేటర్ (హార్డ్‌వేర్‌ని అనుకరించే ప్రోగ్రామ్) రాస్తున్నా. డీఎంఏ (ప్రాసెసర్‌తో పనిలేకుండా మెమరీకి, డివైస్‌కి మధ్య డేటా మోసే భాగం) నుంచి నెట్‌వర్క్ కార్డుకి డేటా వెళ్లాలి, డీఎంఏ కోడ్‌లోంచే కార్డు ఫంక్షన్‌ని డైరెక్టుగా పిలుస్తున్నా (రిటర్న్ వాయిడ్, అంటే అది తిరిగి ఏమీ చెప్పదు). చిన్న ప్యాకెట్లు బానే వెళ్తున్నాయి, వరసగా చాలా పంపితే మధ్యలో కొన్ని బైట్లు గల్లంతు. తర్వాత ఆడియో డివైస్ కూడా తగిలించాలి. ఇంటర్‌ఫేస్ ఎలా పెట్టుకోమంటారు?

జవాబు: ఆ వాయిడే అసలు సమస్యండి. బఫర్ (వచ్చిన డేటాని కాసేపు ఉంచే చోటు) నిండితే ఇక చాలు అని చెప్పడానికి కార్డుకి దారేది? డీఎంఏ డేటా ఇవ్వడానికి పిలిచే ఆ కార్డు ఫంక్షన్ (పుష్ అందాం) ఎన్ని బైట్లు తీసుకుందో రిటర్న్ చేయాలి, 2048 ఇస్తే 600 మాత్రమే పట్టాయనుకోండి, మిగతా 1448 డీఎంఏ దగ్గరే ఆగాలి. అలాగని ఖాళీ అయ్యేదాకా లూపులో తిరగొద్దు, మీది ఒకటే థ్రెడ్ అయితే కార్డు కోడ్‌కి రన్ అయ్యే ఛాన్సే రాదు, మొత్తం హ్యాంగ్.

అందుకే ఇంటర్‌ఫేస్ స్ట్రక్ట్‌లో పుష్‌తో పాటు, చోటుందా అని అడిగే క్యాన్‌పుష్ అని ఇంకో ఫంక్షన్ పాయింటర్ పెట్టండి, ఖాళీ లేకపోతే డీఎంఏ ఇచ్చిన కాల్‌బ్యాక్‌ని (తర్వాత పిలవమని ఇచ్చే ఫంక్షన్) కార్డు దాచుకుని చోటు దొరికాక పిలుస్తుంది. క్యూఎము అనే ఎమ్యులేటర్‌లో జైలింక్స్ కంపెనీ డీఎంఏకి, ఈథర్‌నెట్‌కి మధ్య ఉన్నది ఇదే పద్ధతి. ఇక్కడే చాలామంది దొరికిపోతారు: కాల్‌బ్యాక్ లోపల డీఎంఏ మళ్లీ పుష్ చేస్తుంది, బఫర్ మళ్లీ నిండుతుంది, కొత్త కాల్‌బ్యాక్ నమోదవుతుంది, తీరా వెనక్కొచ్చాక కాల్‌బ్యాక్ దాచిన చోట మీరు నల్ (ఖాళీ) రాస్తే ఆ కొత్తది కూడా ఎగిరిపోయి ట్రాన్స్‌ఫర్ అక్కడే ఆగిపోతుంది. లోకల్ వేరియబుల్‌లోకి కాపీ చేసుకుని, ముందు నల్ పెట్టి, తర్వాతే పిలవండి.

ప్యాకెట్ ముగిసిందని చెప్పే ఫ్లాగ్ కూడా కావాలి, బైట్లన్నీ తీసుకుంటేనే అది చెల్లుతుంది. ఆడియోకి దాంతో పనిలేదు, పట్టించుకోకపోతే సరి.

నిజం హార్డ్‌వేర్‌లోనూ డేటా పోతుందిగా అంటారేమో, పోతుంది, 16550ఏ సీరియల్ చిప్‌లో 16 బైట్ల ఫిఫో (ముందొచ్చింది ముందు వెళ్లే క్యూ) నిండాక ఇంకో బైట్ వస్తే, డేటా పోయిందని చెప్పే ఓవర్‌రన్ బిట్ లేస్తుంది. కానీ పారేయాలా వద్దా అనేది ఆ డివైస్ మోడల్ తేల్చుకోవాలి, మధ్యలో ఉన్న ఇంటర్‌ఫేస్ కాదు. స్నాప్‌షాట్ (ఎమ్యులేటర్ స్థితిని ఉన్నదున్నట్టు సేవ్ చేయడం) ఆలోచన ఉంటే మాత్రం బఫర్‌లో పాయింటర్లు కాకుండా ఇండెక్సులు వాడండి, సేవ్ చేసి మళ్లీ లోడ్ చేసినా అవి పనికొస్తాయి.