అన్నయ్య జబ్బు.. నా చదువు

ప్రశ్న: బీకామ్ ఫైనలియర్ చదువుతున్నాను. అన్నయ్యకు స్కిజోఫ్రెనియా అనే తీవ్ర మానసిక జబ్బు. అమ్మ గారాబం వల్లే ఇలా అయ్యాడని, పెళ్లి చేస్తే కుదురుకుంటాడని బంధువులంటున్నారు. ఇంటి వాతావరణానికీ మనసుకూ సంబంధమేమిటో చదవాలనుంది. బీకామ్‌తో సైకాలజీలోకి వెళ్లొచ్చా?

జవాబు: ముందు అమ్మగారి సంగతి. గారాబం చేస్తే స్కిజోఫ్రెనియా రాదు. తల్లి పెంపకమే కారణమని ఒకప్పుడు డాక్టర్లూ నమ్మారు కానీ ఆ వాదన నిలబడలేదు. జన్యువుల పాత్ర పెద్దది. చిన్నప్పటి హింస, గంజాయి లాంటివి ముప్పు పెంచుతాయి. ఈ మాట బంధువులతో గట్టిగానే చెప్పండి, ఆ నింద ఆమె మోయాల్సింది కాదు.

జబ్బు వచ్చాక మాత్రం ఇల్లు ఎలా ఉందన్నది చాలా ముఖ్యం. లండన్‌లో పరిశోధకుడు జార్జ్ బ్రౌన్ బృందం 1950ల చివరి నుంచి చేసిన అధ్యయనాల్లో దీన్ని గమనించింది. ఆస్పత్రి నుంచి వెళ్లినవాళ్లలో, ఎత్తిపొడుపులు ఎక్కువగా ఉన్న ఇళ్లకు చేరినవాళ్లకే జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. అలా ఎత్తిపొడిచేవారి ఎదుట వారానికి 35 గంటలు దాటి గడిపితే ముప్పు మరీ ఎక్కువని తర్వాతి పరిశోధనల్లో తేలింది. ‘పొద్దెక్కినా లేవడు, తిని కూర్చుంటాడు’ అన్న మాట అన్నయ్య చెవిన రోజుకెన్నిసార్లు పడుతోందో గమనించండి. మందుల వల్ల వచ్చే మత్తూ, జబ్బు వల్ల వచ్చే నిరాసక్తతా బయటివాళ్లకు బద్ధకంలాగే కనిపిస్తాయి. అతిగా కాపు కాయడమూ మంచిది కాదు. చండీగఢ్‌లో ఇదే పరిశీలన చేస్తే, అక్కడి కుటుంబాల్లో విమర్శ లండన్ కన్నా తక్కువని తేలింది. మన ఇళ్లకున్న ఈ బలాన్ని పోగొట్టుకోకూడదు.

ఇవన్నీ ఇంట్లోవాళ్లకు ఓపికగా నేర్పేది సైకియాట్రిక్ సోషల్ వర్కర్. మీకు సైకాలజీ కన్నా ఇదే నప్పుతుందని నా అభిప్రాయం. క్లినికల్ సైకాలజీకి సైకాలజీలో పీజీ కావాలి. సోషల్ వర్క్‌లో పీజీ అయిన ఎంఎస్‌డబ్ల్యూకు ఏ డిగ్రీ అయినా చాలు. ఉస్మానియా, ఆంధ్రా వర్సిటీల్లో ఉంది. తెలంగాణలో సీపీగెట్, ఏపీలో పీజీసెట్ ప్రవేశ పరీక్ష రాయాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ కావాలంటే ఎంఎస్‌డబ్ల్యూ తర్వాత రెండేళ్ల ఫుల్‌టైమ్ ఎంఫిల్ ఉండాలి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఈ శిక్షణకు పేరుపొందింది. ఎంఫిల్ నిబంధనలు మారుతున్నాయి కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్ చూశాకే అడుగేయండి. మొదట్లో జీతం మీ బీకామ్ స్నేహితుల కన్నా తక్కువే ఉండొచ్చు.

అన్నయ్యను బాగుచేయాలన్న ఒక్క కారణంతో మాత్రం చేరకండి. ఆయన వైద్యం సైకియాట్రిస్టు చూసుకోవాలి. పెళ్లి ఈ జబ్బుకు మందు కాదు. జబ్బు దాచి చేస్తే రెండు కుటుంబాలూ నలిగిపోతాయి. డాక్టరు చెప్పకుండా మందులు ఆపనివ్వొద్దు. అమ్మగారికి మనసు విప్పి మాట్లాడుకోవాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయమనండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.