నడవలేని వయసులో పిండిపదార్థాలు తగ్గించి బరువు తగ్గడం: నా రెండు ప్రయత్నాలు

మీరు అడిగినది ఇది: మీకు 70 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగిపోయి వాకర్ లేకుండా గది దాటలేరు, బరువు 90 కిలోలు దాటింది, వ్యాయామం చేసే వీలు లేనప్పుడు పిండిపదార్థాలు తగ్గించినంత మాత్రాన బరువు తగ్గుతుందా, ఈ వయసులో అది క్షేమమేనా అని. నాకిప్పుడు 71 ఏళ్లు. మీలాగే మోకాళ్ల అరుగుదల ఉంది, దానికి తోడు బీపీ, మధుమేహం ఉన్నాయి. ఈ పద్ధతిని రెండుసార్లు పాటించాను. మొదటిసారి బరువుతో పాటు బలమూ పోయింది. రెండోసారి బరువు తగ్గి, కుర్చీలోంచి ఎవరి సాయమూ లేకుండా లేవగలిగాను. ఆ రెంటికీ మధ్య ఉన్న తేడాయే మీ ప్రశ్నకు నేను ఇవ్వగలిగిన జవాబు.

మీ మొదటి సందేహం గురించి సూటిగా చెప్పవచ్చు: తగ్గుతుంది. బరువు తగ్గడంలో నడక కన్నా తిండి పాత్రే పెద్దది. మోకాళ్లు బాగున్న మనిషి గంటసేపు నడిచినా ఖర్చయ్యేది ఇంచుమించు 200 నుంచి 300 కేలరీలు. రెండు పెద్ద గ్లాసుల పండ్లరసం మానేస్తే దాదాపు అంతే మొత్తం ఒంట్లోకి రాకుండా ఆగుతుంది. పిండిపదార్థాలు తగ్గించి బరువు తగ్గిన సంగతిని లోకానికి తొలినాళ్లలో చాటిన విలియం బాంటింగ్ కూడా మన వయసువారే, మన అవస్థ పడినవారే. లండన్‌లో అంత్యక్రియల ఏర్పాట్లు చూసే వృత్తిలో ఉన్న ఆయన 1862 ఆగస్టులో 65 ఏళ్ల వయసున 202 పౌండ్లు, అంటే సుమారు 92 కిలోలు ఉండేవారు. మోకాళ్ల మీద, చీలమండల మీద భారం పడుతుందని మెట్లు వెనక్కి తిరిగి నెమ్మదిగా దిగేవారు. అంతకు ముందు పడవ నడిపి చూస్తే కండబలంతో పాటు విపరీతమైన ఆకలి పెరిగింది తప్ప బరువు తగ్గలేదు. విలియం హార్వే అనే వైద్యుడు రొట్టె, చక్కెర, బంగాళదుంపలు, బీరు, పాలు, వెన్న మాన్పించాక ఏడాదిలో సుమారు 46 పౌండ్లు, అంటే దాదాపు 21 కిలోలు తగ్గి, మెట్లు అందరిలాగే ముందుకు చూస్తూ దిగగలిగారు. ఈ విషయం చదివినప్పుడు నాకు కలిగిన ధైర్యం ఇంతా అంతా కాదు.

అయితే ఈ పద్ధతికి లేని మహిమను అంటగట్టడం నాకు ఇష్టం లేదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం 609 మందిని రెండు వర్గాలుగా విడదీసి, ఒకరికి పిండిపదార్థాలు, మరొకరికి కొవ్వు తగ్గించి ఏడాదిపాటు గమనించింది. 2018లో ప్రచురించిన ఫలితాల ప్రకారం మొదటి వర్గం సగటున 6 కిలోలు, రెండో వర్గం 5.3 కిలోలు తగ్గాయి; అది చెప్పుకోదగ్గ తేడా కాదని వారే తేల్చారు. పైగా వారంతా 50 ఏళ్ల లోపువారు, మనలా మోకాళ్లు పట్టుకుని కూర్చున్నవారు కారు. నా మటుకు నాకు ఈ పద్ధతి నప్పడానికి కారణం ఆకలి. తీపి, అన్నం, రొట్టె తగ్గించి ఆ స్థానంలో గుడ్లు, చేపలు, పప్పులు, పెరుగు, కూరలు పెంచినప్పుడు రెండు భోజనాల మధ్య ఏదో ఒకటి నోట్లో వేసుకోవాలనే తహతహ తగ్గింది. రోజంతా ఒకే చోట కూర్చునేవారికి ఆ తహతహే పెద్ద శత్రువు. కొవ్వు తగ్గించి తిన్నా మీకు ఆకలి అదుపులో ఉంటే ఆ దారిలో వెళ్లడంలో తప్పేమీ లేదు.

ఇక నా మొదటి ప్రయత్నం. రోజుకు 30 గ్రాముల లోపు పిండిపదార్థాలతో, అంటే కీటో అని పిలిచే కఠినమైన పద్ధతిలో, ఎవరినీ సంప్రదించకుండా మొదలుపెట్టాను. మొదటి వారంలోనే మూడు కిలోలు తగ్గేసరికి ఎంతో సంతోషించాను. అందులో చాలా భాగం నీరేనని తర్వాత తెలిసింది. కాలేయంలోనూ కండరాల్లోనూ గ్లైకోజెన్ రూపంలో నిలవ ఉండే పిండిపదార్థం ప్రతి గ్రాముకూ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. ఆ నిలవ ఖర్చయితే నీరూ పోతుంది. అదే సమయంలో ఇన్సులిన్ తగ్గడం వల్ల మూత్రపిండాలు ఉప్పును కూడా ఎక్కువగా బయటికి పంపుతాయి. నేను వేసుకుంటున్న రెండు బీపీ మాత్రల్లో ఒకటి కూడా ఉప్పును, నీటిని మూత్రంలో పంపేదే. రెండూ తోడై ఆరో రోజు తెల్లవారుజామున మంచం మీద నుంచి లేచి వాకర్ అందుకునే లోపే కళ్లు చీకట్లు కమ్మి కూలిపోయాను. ఎముక విరగకపోవడం అదృష్టమే. ఆ ఉదయం నా పై బీపీ 96 మాత్రమే ఉంది.

అందుకే మీకు చేతులు జోడించి చెబుతున్నాను, తిండి మార్చకముందే మీరు వాడే ప్రతి మందు పేరూ కాగితం మీద రాసుకుని డాక్టరును కలవండి. బీపీ మందుల మోతాదు తగ్గించవలసి రావచ్చు. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు గానీ వాడుతూ పిండిపదార్థాలు ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వాడేవారు కీటో జోలికి అసలు పోకూడదు. షుగర్ అంతగా పెరగకుండానే రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయే కీటోఅసిడోసిస్ రావచ్చు, చూడడానికి షుగర్ మామూలుగానే ఉంటుంది కాబట్టి దాన్ని పోల్చుకోవడం ఆలస్యమవుతుంది. రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వేసుకునేవారు ఆకుకూరలు హఠాత్తుగా పెంచితే ఆ మందు పని తగ్గుతుంది. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష కూడా ముందే చేయించుకోవాలి, ఎందుకంటే అవి దెబ్బతిన్నవారికి మాంసకృత్తులు ఎంత తినవచ్చునన్నది డాక్టరే నిర్ణయించాలి. ఇన్ని జాగ్రత్తలు చెప్పడం భయపెట్టడానికి కాదు. మన వయసులో ఒక్కసారి పడితే పోయేది ఒక్కోసారి నడకే.

మందులు సరిచేయించుకున్నాక అదే పద్ధతి కొనసాగించాను, కానీ అసలు పొరపాటు అక్కడే ఉంది. నోటికి రుచించక తిండి మొత్తంగానే తగ్గిపోయింది. పొద్దున ఒక గుడ్డు, మధ్యాహ్నం కాస్త కూర, రాత్రి ఒక కప్పు సూప్. తొమ్మిది వారాల్లో 91 కిలోల నుంచి 84కు వచ్చాను. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. కానీ అంతకు ముందు చేతులు ఆనించి ఒక్క ఊపులో లేచే కుర్చీలోంచి ఇప్పుడు మూడు ప్రయత్నాలు చేస్తే గానీ లేవలేకపోయాను, మరుగుదొడ్డిలో అయితే ఎవరో ఒకరు పట్టి లేపవలసి వచ్చింది. ఫిజియోథెరపిస్టు నా తొడలు చూసి, పోయినదాంట్లో కండ చాలా ఉందని చెప్పారు.

వయసు పెరిగేకొద్దీ కండ తనంతట తానే కరుగుతుంది, దాన్నే సార్కోపీనియా అంటారు. కదలిక తక్కువైతే ఇంకా త్వరగా కరుగుతుంది, దానికి అర్ధాకలి తోడైతే చెప్పనక్కర లేదు. 65 ఏళ్లు దాటిన 107 మంది స్థూలకాయులతో అమెరికాలో డెన్నిస్ విల్లరియల్ బృందం ఏడాదిపాటు జరిపి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, తిండి మాత్రమే తగ్గించినవారు 5 శాతం కొవ్వేతర కణజాలాన్ని కోల్పోతే, తిండి తగ్గిస్తూ వ్యాయామం కూడా చేసినవారు 3 శాతమే కోల్పోయారు. తుంటి ఎముక సాంద్రత మొదటివారిలో 2.6 శాతం, రెండోవారిలో 1.1 శాతం తగ్గింది. బరువు మాత్రం రెండు వర్గాల్లోనూ దాదాపు ఒకే మోతాదులో తగ్గింది. తూకం యంత్రం నాకు చూపించని విషయం ఇదే. పోతున్నది కొవ్వా, కండా అన్నది దాని మీద కనబడదు.

రెండో ప్రయత్నం ఆరు నెలల తర్వాత, 87 కిలోల దగ్గర, డాక్టరు, డైటీషియన్ ఇద్దరి సలహాతో మొదలైంది. ఈసారి దేన్ని మానాలన్న ప్రశ్నతో మొదలుపెట్టలేదు, దేన్ని పెంచాలన్నదే ముందు తేల్చుకున్నాం. పెద్దవారికి శరీర బరువులో ప్రతి కిలోకూ రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలని వృద్ధుల పోషణపై పనిచేసే నిపుణుల బృందాలు సూచిస్తున్నాయి; స్థూలకాయం ఉన్నప్పుడు ఉన్న బరువునంతా లెక్కలోకి తీసుకోనక్కర లేదని చెప్పి నాకు 75 నుంచి 80 గ్రాములు నిర్ణయించారు. పైగా అది ఒక్క పూట తింటే చాలదు. వయసు పైబడినవారి కండరాలు మాంసకృత్తులకు మందకొడిగా స్పందిస్తాయి కాబట్టి ప్రతి పూటా 25 గ్రాములకు తగ్గకుండా ఉండాలి. ఒక గుడ్డులో ఆరు గ్రాములే ఉంటాయని తెలిసినప్పుడు నా పాత అల్పాహారం ఎంత పేలవమైనదో అర్థమైంది. ఇప్పుడు పొద్దున రెండు గుడ్లు, పెద్ద కప్పు పెరుగు, గుప్పెడు గింజలు. మధ్యాహ్నం చేప గానీ కోడిమాంసం గానీ నూరు గ్రాముల పైన. రాత్రి పెద్ద గిన్నెడు పప్పు, దాంతో పాటు పనీరు. మాంసం ముట్టనివారికి పప్పుల్లో పిండిపదార్థం కూడా ఉంటుందన్న చిక్కు ఉంది గానీ, అందులో పీచు ఎక్కువ కనుక వాటిని తగ్గించవద్దనే నా అభిప్రాయం. తగ్గించవలసినది అన్నమూ రొట్టే. పళ్లు సరిగా లేక నమలలేనివారు మాంసాన్ని మెత్తగా ఉడికించి చిదిమి తినవచ్చు.

పిండిపదార్థాలు రోజుకు 100 గ్రాముల దగ్గర ఉంచుకున్నాను. సాధారణంగా 130 గ్రాముల లోపు ఉంటే తక్కువ పిండిపదార్థాల ఆహారం అంటారు కాబట్టి ఇది ఆ హద్దులోనే ఉంది, 30 గ్రాముల కీటో అంత కఠినం కాదు. నూరు గ్రాముల ఉడికిన అన్నంలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఆ లెక్కన మధ్యాహ్నం ఒక చిన్న కప్పు అన్నం ఉంచుకుని, చక్కెర, పండ్లరసాలు, బిస్కెట్లు పూర్తిగా మానేశాను. నన్నడిగితే కదలలేని పెద్దవారికి కీటో అవసరం లేదు. మలబద్ధకం, తలతిరుగుడు, నోరు చప్పబడి తిండే సయించకపోవడం, ఇవన్నీ దానితో ఎక్కువ. నూరు గ్రాములతో కూడా మొదటి వారాల్లో నాకు మలబద్ధకం వచ్చింది. కూరలు పెంచి, దాహం వేసే వరకు ఆగకుండా గంటకోసారి నీళ్లు తాగితే సర్దుకుంది. గుండె నీరసం వల్ల నీటికి హద్దు పెట్టినవారు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి.

వ్యాయామం వీలు కాదని మీరు రాశారు. నేనూ అదే అనుకున్నాను. కానీ నాకు నేర్పినవన్నీ కూర్చుని చేసేవే. గట్టి కుర్చీని గోడకు ఆనించి, ఎదురుగా వాకర్ పెట్టుకుని, సీటు మీద రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచి, అక్కడి నుంచి లేచి కూర్చోవడం మొదటిది. తొలి రోజు మూడుసార్లు చేయగలిగాను. రెండు నెలలకు ఒక దిండు, ఐదు నెలలకు రెండో దిండు తీసేశాను. కూర్చునే ఒక్కో కాలు నిటారుగా చాపి పది అంకెలు లెక్కపెట్టడం, సాగే పట్టీని రెండు చేతులతో ఛాతీ వైపు లాగడం మిగతావి. వారానికి నాలుగు రోజులు, పావుగంట సేపు. దీనివల్ల కరిగే కేలరీలు లెక్కకు రానివే, కానీ ఇది చేసేది కొవ్వు కరిగించడానికి కాదు, తిన్న మాంసకృత్తులు కండకు చేరడానికి. మంచం దిగలేనివారు పడుకునే తొడ కండరాన్ని బిగించి వదలడంతో మొదలుపెట్టవచ్చు.

ఈ దారిలో పదకొండు నెలల్లో 87 నుంచి 78 కిలోలకు వచ్చాను, అంటే వారానికి పావు కిలో కూడా లేదు. మధ్యలో ఏడు వారాలు ముల్లు కదలనే లేదు. అయినా బాధపడలేదు, ఎందుకంటే శరీరంలో తగ్గే ప్రతి కిలోకూ అడుగు వేసినప్పుడు మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని స్టీఫెన్ మెస్సియర్ బృందం 2005లో చూపించింది. నాకది ఏ లెక్కా లేకుండానే తెలిసింది. వంటగది దాకా వాకర్ బదులు ఊతకర్రతో వెళ్లగలుగుతున్నాను.

మీరు తూకం చూసుకునే రోజునే నడుము చుట్టుకొలత, పిక్క చుట్టుకొలత, అర నిమిషంలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలిగారన్నది కూడా రాసుకోండి. నడుము తగ్గుతూ లేచే లెక్క పెరుగుతుంటే సరైన దారిలో ఉన్నట్టే. బరువు తగ్గుతూ ఆ లెక్క కూడా తగ్గుతుంటే తిండి తగ్గించడం ఆపి, మాంసకృత్తులు సరిగా అందుతున్నాయో లేదో చూసుకోండి. జ్వరమో, విరేచనాలో, ఆపరేషనో వచ్చిన రోజుల్లో ఈ నియమాలన్నీ పక్కన పెట్టి, తినగలిగినదల్లా తినండి. మీరు ప్రయత్నించకుండానే బరువు జారిపోతుంటే, నెల తిరిగే వరకు ఎదురు చూడకుండా వెంటనే డాక్టరుకు చూపించుకోండి.