లొకేషన్ ఆఫ్ చేస్తే ఫోన్ ఎక్కడుందో ఎవరికీ తెలియదా?

తెలుస్తుంది, లొకేషన్ ఆఫ్ చేస్తే యాప్‌లకు మీ కచ్చితమైన చోటు అందదు గానీ, సిమ్ కంపెనీకి మీరున్న ప్రాంతం తెలుస్తూనే ఉంటుంది.

మీకు కాల్ రావాలంటే మీరు ఏ టవర్ల పరిధిలో ఉన్నారో నెట్‌వర్క్‌కు తెలియాలి కదా. అందుకే ఫోన్ జేబులో ఊరికే ఉన్నా టవర్లకు సిగ్నల్ పంపుతుంటుంది. కాజీపేటలో బస్సెక్కి, హనుమకొండ చౌరస్తా మీదుగా వరంగల్ స్టేషన్‌కు వెళ్తూ రెండు మూడు కాల్స్ మాట్లాడారనుకోండి. ఏ కాల్ ఏ టవర్ దగ్గర మొదలైందో, ఎక్కడ ముగిసిందో కంపెనీ రికార్డుల్లో పడుతుంది. టవర్లు దగ్గరదగ్గరగా ఉండే నగరంలో ఈ అంచనా కొన్ని వందల మీటర్లలోపు రావచ్చు. ఏటూరునాగారం అడవుల వైపు కిలోమీటర్ల తేడా ఉంటుంది. కేసుల్లో పోలీసులు చట్టప్రకారం అడిగి తీసుకునేది ఈ రికార్డులనే.

ఎక్కువమంది పొరబడేది సిమ్ విషయంలో. సిమ్ మార్చినా హ్యాండ్‌సెట్‌కు ఉండే 15 అంకెల ఐఎంఈఐ నంబర్ మారదు, అది నెట్‌వర్క్‌కు కనిపిస్తుంది. (*#06# నొక్కి మీదీ చూసుకోవచ్చు.) పోయిన ఫోన్‌ను కేంద్ర ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో బ్లాక్ చేయించగలిగేది కూడా దీనివల్లే.

అలాగని లొకేషన్ ఆపడం దండగేం కాదు. టార్చ్ యాప్‌కు మీరెక్కడున్నారో ఎందుకు? సెట్టింగ్స్‌లో ఆ పర్మిషన్ తీసేయండి.